తల్లిచేపని కోసిన కత్తి

కరిబండె చెరువులో నిండిన నీళ్ళు పొర్లిపోయే మరవ దగ్గర ఒక బుధవారం పొద్దున, నలభై ఇళ్ళ బెస్తవాళ్ళు గుంపుగా నిలబడి చూస్తా ఉండగా, చౌడమ్మ కత్తిని నడినీళ్ళలోకి విసిరేసినారు.

విసిరింది పగవాడు కాదు. చేపల సంఘం ప్రెసిడెంటు చిన్నప్ప. చచ్చిపోయిన ఆమె మొగుడికి తోడబుట్టిన అన్న. వల విసిరి విసిరి తిరిగిన భుజం కదా, కత్తి ఎండలో నాలుగు పల్టీలు కొట్టి, చెరువు మధ్యనున్న నల్లబండ దాటి పడింది. పడినచోట నీళ్ళు నిలువెత్తు లేచినాయని కొందరు, మునిగేముందు కత్తి ఒకసారి వెనక్కి తిరిగి చూసిందని కొందరు ఇప్పటికీ చెప్తారు. కత్తికి కళ్ళుంటాయా అని అడగొద్దు. ఆ పొద్దు అక్కడున్న మనుషులకే లేవు, కత్తినేం అడుగుతారు?

"మూడేండ్లు!" అని అరిచినాడు చిన్నప్ప. "మూడేండ్లనుంచి మన తల్లిచేపలు ఒక్క గుడ్డు పెట్టలేదు. సూదిలో ఏముండాదో ఎవరికి తెలుసు? ఈమెకే తెలుసు. లారీలో కుళ్ళిన తలలు తెచ్చి, వాటి గింజలు మన తల్లులకి ఎక్కించింది!"

"బావా, సీసా చూడు. ఒక్క గింజన్నా నల్లబడిందా? ఒక్కటి చూపించు" అని చౌడమ్మ గింజల సీసా ముందుకి చాపింది.

చిన్నప్ప సీసా చూడలేదు. బండకేసి కొట్టినాడు. స్పిరిట్ వాసన గుప్పుమంది. పక్కన రమేశ్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నీలం గోడ ఫ్యాక్టరీ మేనేజరు అతను. తెల్లబూట్లకి బురద తగలకుండా రాయిమీద నిలబడి, "ఇది మీ సంఘం ఇంటర్నల్ మేటర్ అప్పా, నేను ఊరికే వచ్చినా" అన్నాడు. ఊరికే వచ్చినవాడు సంఘానికి కొత్త మైకుసెట్టు తెచ్చినాడు. చౌడమ్మ మీద మోపిన తప్పు చదివి వినిపించింది ఆ మైకులోనే.

బెస్త ఇంట్లో వల మొగోనిది, కత్తి ఆడదానిది. మొగోడు చేప కోయడు, ఆడది వల విసరదు. చేప పైపొలుసు వరకూ మొగవాళ్ళ రాజ్యం, లోపలిదంతా ఆడవాళ్ళ రాజ్యం. అటువంటిచోట ఆడదాని కత్తిని నీళ్ళపాలు చేసినారంటే, ఆమె కోసిన చేప ఎవరూ కొనరు, ఆమె పొయ్యిలో నిప్పు ఎవరూ తీసుకోరు, ఆమె పిలిస్తే ఎవరూ పలకరు. బతికుండగానే చచ్చినట్టు. పాడె మోసే కష్టం ఒక్కటే వాళ్ళకి తప్పింది.

ఇది 1998 జూన్‌లో, హొసకోటె దాటినాక పాత మద్రాసు రోడ్డుకి ఎడమపక్క జరిగిన సంగతి.

*

చౌడమ్మ కత్తి పెడితే చేపకి తాను చచ్చిన సంగతి తెలిసేది కాదంటారు. తల రెండు చెక్కలైనాక కూడా ఒకసారి, "ఇంకెంతసేపే?" అన్నట్టు నోరు తెరిచి మూసేదట. ఆమె పని తమాషా పని. హొసకోటె సంతలో కట్ల చేపల తలలు వరసగా పెట్టుకుని, కత్తిని పడుకోబెట్టి ఒక్క కోత కోస్తే పుర్రె మూత డబ్బా మూత మాదిరి లేచేది. మెదడు కింద, ఆవగింజ కంటే పెద్దది, పెసరగింజ కంటే చిన్నది, తెల్లగా ఒక గింజ ఉంటుంది. దాన్ని పగలకుండా సూదిమొనతో లేపి స్పిరిట్ సీసాలో వేసేది. చదువుకున్నవాళ్ళు దానికి పెద్ద పేరు పెట్టినారు. కరిబండెలో తలగింజ అంటారు.

ఆ గింజే చేపకి కాన్పు ముహూర్తం పెట్టేది. పారే ఏట్లో కొత్తనీరు వస్తే చేపకి తానే తెలుస్తుంది, గుడ్లు పెడుతుంది. కదలని చెరువులో తెలియదు. అందుకే గింజని నూరి, నీళ్ళలో కలిపి, సాయంత్రం తల్లిచేప తోకదగ్గర సూది వేసి, దోమతెర లాంటి గుడ్డతొట్టిలో మొగచేపతో కలిపి వొదిలితే తెల్లారేసరికి తొట్టినిండా సగ్గుబియ్యం పోసినట్టు గుడ్లు. వాటినుంచి పిల్లలు, పిల్లలనుంచి చెరువు, చెరువునుంచి నలభై ఇళ్ళ ముద్ద.

చెరువు గుత్త సంఘానిదే. కానీ సర్కారువాళ్ళ షరతు ఒకటుంది. సంఘం తన చేపపిల్లల్ని తానే పుట్టించి చెరువులో వొదలాల. వరసగా నాలుగేండ్లు వొదలకపోతే గుత్త రద్దు, చెరువు ఎవరికైనా ఇవ్వొచ్చు. ఆ 'ఎవరికైనా' అన్నవాడు తెల్లబూట్లేసుకుని రాయిమీద నిలబడే ఉన్నాడు. బట్టల మిల్లులకి సబ్బుమందు చేసే ఫ్యాక్టరీకి చేపలెందుకు? చేపలొద్దు. అడిగేవాడు లేని గుంత కావాల.

సూది వెయ్యాల్సిన తల్లిచేపల్ని చెరువు పక్కనే ఒక చిన్న కుంటలో విడిగా పెంచుతారు. తల్లికుంట అంటారు. చెరువునీళ్ళే కాలవగుండా అందులోకి వస్తాయి. చెరువులో వేసిన చేపని, ఈ మూడేండ్లూ బయట కొని వేసినదాన్ని కూడా, ఏడాదిలోపే పట్టి లారీకెక్కిస్తారు, తల్లికుంటలో చేపలు మాత్రం అయిదేండ్లు, ఆరేండ్లు బతుకుతాయి. వాటికి పేర్లుంటాయి. అన్నిట్లో పెద్దది గౌరి. పదకొండు కేజీల కట్ల. గౌరి మూతి నీళ్ళపైకొస్తే చిన్నప్ప పెళ్ళాం అన్నం తినడం ఆపి తవుడు వేసేది. తల్లిచేపని కోయకూడదు. చచ్చినా పసుపు పూసి పూడ్చాల్సిందే. వాళ్ళ తాతలనాటి కట్టు.

ఆడదో మొగదో మొగవాళ్ళు చేత్తో తడిమి చెప్తారు. పొట్ట ఉబ్బి మెత్తగా ఉంటే ఆడది. నొక్కితే పాలు చిమ్మితే మొగది. మూడేండ్లనుంచి తల్లికుంటలో ఎక్కడ తడిమినా మెత్తని పొట్టలే. "అన్నీ తల్లులేరా!" అని చిన్నప్ప మొదటేడు ఊరంతా బూందీ పంచినాడు. పాలిచ్చే మొగవి రెండే మిగిలినాయి, అవి కూడా ముక్కి ముక్కి తలా ఒక చుక్క. మొగవన్నీ ఎటుపోయినాయని బూందీ నములుతున్నవాళ్ళు ఒక్కరూ అడగలేదు.

*

కత్తి పోయిన నాలుగోరోజు చౌడమ్మ బోరింగు దగ్గర బిందె పెడితే ఎవరో తన్నినారు. బిందె సొట్టపడింది. అయిదోరోజు ఆమె మేక పక్కింటి కంచెలో మూతి పెట్టిందని దాని ముందుకాలు విరగ్గొట్టి, గుమ్మంలో పడేసి పోయినారు. మేక రాత్రంతా అరిచింది. ఎవరూ రాలేదు. ముసిలి అక్కయమ్మ మాత్రం తన గోడ అవతలనుంచి, ఎవరితోనో అన్నట్టు, "మేకకి వెదురుబద్ద కట్టాల, నూనె రాయాల, కొందరికి ఆ మాత్రం తెలీదు" అని గట్టిగా చెప్పింది. మాట్లాడకూడదన్నది కట్టు. గోడతో మాట్లాడితే తప్పులేదు.

ఏడోరోజు మేఘన వచ్చింది. పట్నంలో, నగర్తపేటలో గుడ్డలంగడివాళ్ళ కూతురు, చేపల చదువు చదువుతోంది. చెరువునీళ్ళు సీసాల్లో పట్టుకోవడానికి వస్తే చిన్నప్ప తరిమేసినాడు. ఊళ్ళో ఎవరూ మాట్లాడని మనిషి, ఊళ్ళో ఎవరూ నీళ్ళివ్వని పిల్లకి మజ్జిగ ఇచ్చింది.

"చౌడక్కా, మీ గ్లాండ్స్, అదే తలగింజలు, బాగలేవని ఎట్ల తెలుసు వాళ్ళకి? టెస్ట్ చేసినారా?"

"టెస్టేంది పాపా, మైకులో చెప్పినారు కదా."

ఇంట్లో రెండో సీసా ఉంది. అదే నెలలో తీసిన గింజలు, అదే సంత, అదే చెయ్యి. మేఘన దాన్ని సంచిలో పెట్టుకుని ఆనేకల్ వైపు ఒక రైతు చేపలగుంటకి పోయింది. మూడోనాడు సోడాబుడ్డితో తిరిగొచ్చింది. బుడ్డిలో కనురెప్ప వెంట్రుకల మాదిరి ఏవో కొట్టుకుంటున్నాయి.

"నీ సూదికి పుట్టిన పిల్లలక్కా. తెల్లారేసరికి తొట్టి నిండిపోయింది."

చౌడమ్మ బుడ్డిని ఎండకి పెట్టి చాలాసేపు చూసింది. ఆమె కంట్లో తడి తిరిగింది, కానీ ఏడ్చేంత తీరిక లేదు.

"గింజ మంచిదే. అయితే తప్పు చేపలో ఉండాది."

"లోపల చూడాల అక్కా. కోసి చూస్తే కానీ..."

"కోస్తే నన్ను కోస్తారు."

"అవును" అంది మేఘన. ఆ పిల్లకి అబద్ధం చెప్పడం ఇంకా రాలేదు.

చౌడమ్మ బుడ్డి మూత బిగించింది. "నా కత్తి వేసేసినారు. నా మేకని కుంటిదాన్ని చేసినారు. ఇంక కోయడానికి నాలో ఏం మిగిలుండాది పాపా?"

*

మిట్ట మధ్యాన్నం, వలలు ఆరేసి అందరూ సంఘం షెడ్డు కింద కూచున్నవేళ, చౌడమ్మ అక్కయమ్మ గోడ దగ్గరికి పోయి, గోడతోనే అంది: "ఎవరిదన్నా కత్తి ఉంటే బాగుండు."

గోడమీదినుంచి కత్తి వచ్చి ఇసకలో గుచ్చుకుంది.

చౌడమ్మ తల్లికుంటలో నడుములోతు దిగి, తవుడు పిడికిలి చూపించి, గౌరిని రెండు చేతులా చంటిబిడ్డ మాదిరి ఎత్తి గట్టుమీద వేసింది. ఆడవాళ్ళు కేకలు పెట్టినారు. చిన్నప్ప తెడ్డు పట్టుకుని పరిగెత్తుకొచ్చినాడు.

"ముట్టుకోవద్దు మే! తల్లి అది! తల్లి!"

"తల్లే అయితే నీ తెడ్డుతో నా తల పగలగొట్టు బావా. కాకపోతే?"

తెడ్డు ఆమె ఎడమ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. ఎండుపుల్ల విరిచినట్టు. చౌడమ్మ కూలబడింది, కానీ కత్తి కుడిచేతిలో ఉంది. మోకాలితో గౌరిని అదిమిపెట్టి, తోకనుంచి గొంతుదాకా ఒక్క కోత లాగింది. చిన్నప్ప రెండోసారి తెడ్డెత్తినాడు. ఎత్తింది ఎత్తినట్టే నిలబడిపోయినాడు.

పొట్టలోంచి నీళ్ళు కారినాయి. చిక్కటి పసుపునీళ్ళు, బిందెడు. ఆ నీళ్ళే మూడేండ్లుగా వాళ్ళ చేతులకి తగిలిన మెత్తదనం. దానివెనక, ఆడచేపకి ఉండాల్సిన గుడ్లసంచి లేదు. మొగచేపకుండే తెల్లటి పాలతీగలు రెండు ఉన్నాయి, ఎండిపోయి, ముడతలుపడి. ఆ తీగల మధ్య అక్కడక్కడ, గసగసాలు చల్లినట్టు, గుడ్లు.

ఆడవాళ్ళు ముందుకొచ్చినారు. చేప లోపలిది వాళ్ళ రాజ్యం కదా, వాళ్ళకి చెప్పాల్సిన పనిలేదు. అక్కయమ్మ గోడ దాటొచ్చి వంగి చూసి, నోటిమీద చెయ్యి వేసుకుంది.

"ఇది గౌరి కాదురా" అంది. "ఇది గౌరప్ప. మొగోనికి కడుపు చేసినార్రా ఎవరో!"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రెండోది కోసినారు. అదీ మొగదే, తీగలనిండా గసగసాలు. మూడోది నిజంగా ఆడది. దాని సంచిలో గుడ్లు పండకుండానే నల్లబడి బొగ్గురవ్వలైనాయి. పదకొండు తల్లుల్లో ఎనిమిది మిగిలినాయి, వాటిని కోయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

చౌడమ్మ వెంటే వచ్చిన మేఘన చేపమీదికి వంగి చెప్పింది. "ఆ నీలం గోడ వెనక చేసే మందులో ఒకటి ఉండాది. అది ఎండకి ఎండిపోదు, మట్టిలో మురిగిపోదు. బురదలో దిగి, చేప కొవ్వులో చేరి, ఏడాదికేడాది పేరుకుంటాది. చేప వొంట్లో అది ఆడ హార్మోన్ మాదిరి యాక్టింగ్ చేస్తాది. మొగచేప కాలేయం అది నిజమనుకుని, లేని గుడ్లకి సొన తయారుచేస్తాది. అందుకే పొట్టలు ఉబ్బినాయి. మీ సూది తలగింజ మాట చెప్తాది. వినేదానికి లోపల ఏమీ మిగల్లేదు."

"ఏడాదిలోపు పట్టే చేపలకి?" అని గుంపులోంచి ఎవరో అడిగినారు.

"వాటిలోనూ చేరతాది. పేరుకునేటంత టైము మీరు దానికి ఇవ్వట్లేదు, అంతే."

చిన్నప్ప తెడ్డు కింద పెట్టి గౌరి పక్కన కూచున్నాడు. ఆ పొట్ట అతను ఎన్నిసార్లు తడిమినాడు! చౌడమ్మ విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, అతన్నే చూస్తా ఉంది. అతను తలెత్తలేదు.

"కత్తి తెచ్చిస్తా" అన్నాడు చివరికి.

మూడురోజులు నల్లబండ చుట్టూ మునిగినాడు. కత్తి దొరకలేదు. చేతులు మోచేతులదాకా దద్దుర్లెక్కి తోలు లేచింది. ఆ బురదలో అన్నేండ్లూ ఏముందో అతని చేతులకి అప్పుడు తెలిసింది.

*

మీటింగు సంఘం షెడ్డులోనే పెట్టినారు. ఆ షెడ్డుకి నీలం రంగు వేయించింది ఫ్యాక్టరీ. "వాళ్ళ రంగు కింద కూచుని వాళ్ళని తిట్టాలంటే నా నాలికకి సిగ్గైతాంది" అని అక్కయమ్మ బయట ఎండలో కూచుంది. ఆమె వెనక ఒక్కొక్కరే అందరూ లేచి ఎండలోకి వచ్చినారు. మైకు షెడ్డులోనే ఉండిపోయింది.

"పోదాం పట్టండి. ఆ ఫ్యాక్టరీలో చేసేవాళ్ళని ఒక్కొక్కణ్ణి పట్టి తంతే సరి!" అని కుర్రకారు లేచినారు.

"తన్నప్పా, ఈడే ఉండాను" అన్నాడు ఒకడు గుంపు వెనకనుంచి. గంగన్న. కదిరి పక్క పల్లెనుంచి కూలికొచ్చినవాడు. ఫ్యాక్టరీ వెనకాల గుంతలు కడిగే పని. మిషన్లో పడి కుడిచేతి ఉంగరంవేలు సగం పోయింది. "తన్ను. రమేశ్ సారు రోజూ తంతాడు, నువ్వు ఆదివారం తన్ను."

"విషం వొదిలేది నువ్వే కదరా!"

"నేనే. మూత తీసేది నేనే. తీయకపోతే నా పిల్లలకి కూడు నీ చెరువు పెడతాదా? మూడేండ్ల కిందట మా ఊళ్ళో వానలేక పోతే ఈడికొచ్చినాము. నీ బోరింగు దగ్గిర నా పెండ్లాం వనజ బిందె పెడితే బయటినుంచొచ్చినోళ్ళు అని ఎవరు తోసినారు? సబ్బుమందోళ్ళు తోసినారా?"

బోరింగు దగ్గర బిందె సంగతి చౌడమ్మకి తెలుసు. ఆమె లేచి, కుడిచేత్తో పక్కన ఇసక సాపుచేసి, "కూచో గంగన్నా" అంది. "మూత యాడుండాది?"

"గోడ వెనక, తుమ్మపొదల్లో. బండ కింద గుంత, అందులో గొట్టం. సర్కారు పేపర్లలో అది లేదు. పగలు మూసుంటాది, చీకటిపడితే తీస్తాం. వచ్చే నెల ఇన్‌స్పెక్షనుకి ఆఫీసరొస్తాండాడు. ఆయన్ని నేను తోడుకోనిపోయి చూపిస్తా."

"పని పోతాది కదప్పా?" అన్నాడు చిన్నప్ప.

"పోతాది. నీ వల పట్టుకునే పని ఇస్తావా?"

చిన్నప్ప తన తోలు లేచిన చేతులు చూసుకుని, "ఇస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం వనజ బిందె బోరింగు దగ్గర మొదట నిండింది.

*

మాట బయటికి పొక్కింది. అంత మంది కూచుంటే పొక్కదా? ఇన్‌స్పెక్షనుకి రెండురోజుల ముందు, మధ్యాన్నం సైరను కూయగానే, అందరూ అన్నానికి పోయినాక, రమేశ్ గంగన్నని ఒక్కణ్ణే పిలిచి సిమెంటు తట్ట చేతికిచ్చినాడు. "దిగి గొట్టం మూసెయ్. పది నిమిషాల పని." గంగన్న తాడు అడిగినాడు. "తాడెందుకురా, నువ్వేమన్నా బావిలో దిగుతాండావా?" అని నవ్వినాడట. ఈ మాట తరవాత వాచ్‌మన్ చెప్పినాడు.

సాయంత్రానికి గంగన్న చెరువుగట్టున వెల్లకిలా పడున్నాడు. చొక్కా తడిపినారు. జేబులో సారాయి ప్యాకెట్టు. తాగి చెరువులో పడి చచ్చినాడని రమేశ్ పోలీసులకి రాసిచ్చినాడు. వాళ్ళు వచ్చి, జీపు దిగకుండానే చూసి, రాసుకుని పోయినారు.

వనజ అరవలేదు. ప్యాకెట్టు తీసి చూసి, "ఈయన నోట్లో ఎప్పుడూ ఇది పడలా. కల్లు వాసనకే కక్కేటోడు" అంది, వచ్చినవాళ్ళందరికీ అదే మాట, ఒకే గొంతుతో.

బెస్తవాళ్ళకి నీళ్ళచావు తెలుసు. చౌడమ్మ కూచుని గంగన్న పిడికిళ్ళు విప్పింది. మునిగినవాడి పిడికిట్లో నాచో బురదో ఉంటుంది. గంగన్న గోళ్ళకింద ఉన్నది సిమెంటు. గట్టిపడి, తెల్లగా. కుడి అరచేయంతా అదే.

"ఈయన నీళ్ళలో చావలేదు" అంది చౌడమ్మ. "ఇంకా చెప్పాల్సింది ఈయన యాడో రాసిపెట్టి పోయినాడు."

*

ఇన్‌స్పెక్షను రోజున ఫ్యాక్టరీ గేటుముందు షామియానా, టేబులు, టేబులుమీద గులాబీలు. ఆఫీసరు కుర్చీలో కూచుని బాదంపాలు తాగుతున్నాడు. నలభైమంది ఆడవాళ్ళు తలమీద తొట్లతో వచ్చినారు. ముందు నడిచే ఎనిమిది తొట్లలో ఎనిమిది తల్లిచేపలు, ప్రాణాలతో. అందరి నడుముల్లో కత్తులు. చౌడమ్మ ఎడమచేతికి వెదురుబద్దలు, మేకకి కట్టినలాంటివే, కట్టింది అక్కయమ్మే.

అక్కయమ్మ గులాబీలు పక్కకి తోసి చేపని టేబులుమీద పడుకోబెట్టింది.

"సామీ, మీరు చదువుకున్నోళ్ళు. ఇది ఆడదా మొగదా చెప్పండి. మాకు తెలీక చెరువు పోగొట్టుకుంటాండాము."

"ఏయ్, ఏమిది? తీసెయ్యండి" అన్నాడు ఆఫీసరు.

చౌడమ్మ కోసింది. పసుపునీళ్ళు టేబులుమీదినుంచి ఆయన ఫైళ్ళమీదికి, ఫైళ్ళమీదినుంచి ప్యాంటుమీదికి పారినాయి. లోపల తెల్లతీగలు, తీగల్లో గసగసాలు. మేఘన గడగడా చెప్పుకుపోయింది. ఆఫీసరు బాదంపాలు పక్కన పెట్టినాడు.

"చూడమ్మా, నాది నీళ్ళ శాఖ. చేపలు నా శాఖ కాదు."

"అయితే నీళ్ళ దగ్గిరికే పోదాం రాండి."

"నేను రాను. రూటు మ్యాపులో లేదు."

"మీరు రావద్దు సామీ" అంది అక్కయమ్మ. "కూచోండి."

నలుగురు కుర్చీ కాళ్ళు పట్టుకున్నారు, మిగిలినవాళ్ళు తొట్లతోనే చుట్టూ చేరినారు. ఆఫీసరు కుర్చీతో సహా లేచినాడు. ఊరేగింపులో కూడా అంత పద్ధతిగా ఎవర్నీ మోయలేదని అంటారు. తుమ్మపొదల్లో ఆయన టోపీ ఒక కొమ్మకి తగులుకుని ఆగిపోయింది, అది ఈనాటికీ అక్కడే ఉందని, అందులో పిచిక పిల్లలు పెట్టిందని కూడా అంటారు. పిల్లలు పెట్టిందంటే ఆ చుట్టుపక్కల ఏదో ఒకటి సరిగా పిల్లలు పెట్టినట్టే.

పొదల్లో ఫ్యాక్టరీ కూలీలందరూ నిలబడున్నారు. పొద్దున పనిలోకి పోలేదు. బండ తీసి, గంగన్నని చంపిన విషగాలి పోయేదాకా, తెల్లారినప్పటినుంచి గుంతలో గాలాడనిచ్చినారు. వనజ చేతిలో గంగన్న గడ్డపార. కుర్చీని గుంత అంచున దించినారు. నడినెత్తి ఎండ సూటిగా లోపలికి పడుతోంది.

లోపల గొట్టం నోటికి కొత్త సిమెంటు. దానిమీద ఒక అరచెయ్యి అచ్చు. అదిమి అదిమి, బలం పోతున్నప్పుడు ఆనుకున్న చెయ్యి. నాలుగు వేళ్ళు నిండుగా, ఉంగరంవేలు సగం.

ఆఫీసరు కళ్ళు మూసుకున్నాడు. అక్కయమ్మ వెనకనుంచి అతని తలని మెల్లిగా ముందుకి వంచింది. "మూసుకుంటే ఎట్ల సామీ? ఇది మీ శాఖే."

అప్పుడు రమేశ్ పిలిపించిన పోలీసులు లారీ దిగి లాఠీలతో పొదల్లోకి వచ్చినారు. రమేశ్ తెల్లబూట్లు బురదలో పడ్డ సంగతి కూడా చూసుకోకుండా వేలెత్తి చూపించినాడు. "ఆమె! చేతిలో కత్తి ఉన్నామె!"

వనజ దెబ్బలమధ్యే గుంతలో దిగింది. చెయ్యి అచ్చు చుట్టూ గడ్డపారతో కొట్టి, దాన్ని పలకగా ఊడదీసి, పైనున్న కూలీలకి అందించింది. వాళ్ళు దాన్ని చేతినుంచి చేతికి మార్చుకుంటా గుంపులోకి దాటించేసినారు. గొట్టం నోరు తెరుచుకుంది. నీలం నురుగు బుసబుసమంటా లేచి, గుంత నిండి, వనజని పైకి లాగేలోపల ఆఫీసరు బూట్లదాకా వచ్చింది.

లాఠీ చౌడమ్మ విరిగినచేతి మీదే పడింది. వెదురుబద్దలు చిట్లినాయి. ఈసారి ఆమె అరిచింది. జుట్టు పట్టుకుని లారీదాకా ఈడ్చినారు. కత్తి దారిలో జారి పడింది.

"మారణాయుధం" అన్నాడు ఎస్సై. "ఎవరిదిది? ఈమెదేనా?"

"నాది" అన్నాడు చిన్నప్ప, ఆడవాళ్ళ వెనక వచ్చిన మొగవాళ్ళలోంచి ముందుకొచ్చి.

చిన్నప్ప వంగి, బెస్త మొగోడు పుట్టి ముట్టుకోని కత్తిని, తోలు లేచిన చేత్తో ఎత్తుకున్నాడు.

"నాది" అంది అక్కయమ్మ తన నడుములోది తీసి. "నాది." "నాది." నలభై కత్తులు ఎండలో లేచినాయి. వాటివెనక కూలీలు, చేతిలో ఏముంటే అది ఎత్తినారు, పార, తట్ట, అన్నం క్యారియరు. ఉన్న ఒక్క లారీలో ఎంతమందిని ఎక్కిస్తాడు ఎస్సై? చౌడమ్మనొక్కదాన్నే ఎక్కించి తలుపు వేసినాడు.

లారీ కదిలింది. చౌడమ్మ కమ్మీలు పట్టుకుని చూసింది. ఆఫీసరు కుర్చీ చుట్టూ ఆడవాళ్ళు మళ్ళీ వలయం కట్టినారు. ఆయన లేవబోతే కూచోబెట్టినారు. ఆయన కాళ్ళముందు, నీలం నురుగులో మోకాళ్ళూని, చిన్నప్ప రెండో తల్లిచేపని కోస్తున్నాడు. జీవితంలో మొదటిసారి. కత్తిని నిలబెట్టి, కట్టె నరికినట్టు. చేపతోపాటు అతని బొటనవేలు కూడా తెగి రక్తం కారుతోంది. ఇంకా ఆరు తొట్లు వరసలో ఉన్నాయి.

"బావా!" అని లారీలోంచి అరిచింది చౌడమ్మ, ఊరు ఊరంతా వినబడేటట్టు. "అట్ల కాదు బావా! కత్తి పడుకోబెట్టు!"

చిన్నప్ప తల ఊపి, కత్తిని పడుకోబెట్టినాడు.